ఈ వారం సమస్య: "ఏడు నైదు కూడ నిరువదయ్యె"

అడ్మిన్ (నెల్లూరు): మొన్న ట్రంకు రోడ్డులో టీ తాగతా ఉంటే పక్కన ఇద్దరు కుర్రోళ్ళు, పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుందా అని అరగంట మాట్లాడుకున్నారు. వాళ్ళ మాటల్లోనే ఈ పాదం దొరికింది, ఇంటికొచ్చే దాకా నోట్లో అదే తిరగతా ఉండాది. ఈ పాదం చివర వచ్చేట్టు పద్యం పూరించాలి, విషయం ఆ ఎదురుచూపే. వాడుక మాటలు పడినా పర్లేదు, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరడం) మాత్రం తప్పొద్దు.

ఒంగోలు బీట్స్: అన్నా, ఇది నాకోసమే ఇచ్చినట్టుంది.

ఎదురు చూచి చూచి యీ కళ్ళు కాయలై
పదియు మూడు కొఱకు పడితి పాట్లు
ఎఫ్ఫెలందు నేడు యేమి వింతయొ చూడు
ఏడు నైదు కూడ నిరువదయ్యె

పద్యంలో "ఎఫ్ఫెల్" అంటే నేను పాటలు చేసే సాఫ్ట్‌వేర్, ఎఫ్‌ఎల్ స్టూడియో. దాంట్లో 12 వచ్చింది 2015లో. తర్వాత 13 వస్తుందని అందరం కూచుంటే 2018 మేలో ఏకంగా 20 అని దించారు.

కావలి హార్మోనియం: అబ్బయ్యా, మొదటి పాదం బ్రహ్మాండం, "కళ్ళు కాయలై" దగ్గర గణం కూడా భలే కూచుంది. కానీ "నేడు యేమి" ఏంది? ఉకారం తర్వాత అచ్చొస్తే సంధి నిత్యం, "నేడేమి" అవ్వాల్సిందే, అట్టా అంటే ఒక లఘువు పోయి గణం పడిపోతుంది. పాదం చివర్లో విసంధి (సంధి చెయ్యకుండా వదిలెయ్యడం) అయితే ఈ కాలంలో చూసీ చూడనట్టు పోతాం, పాదం నడుమ ఒప్పుకోను.

ఒంగోలు బీట్స్: తప్పు నాదే మాస్టారు, దిద్దుకుంటున్నా: "ఎఫ్ఫెలోన జూడ నేమి వింతయొ గాని". కాకపోతే మొన్న రొట్టెల పండగ సమస్యకి మీరు "రొట్టె"కి "లొ" తెచ్చి యతి వేశారు, అడిగితే రలలకి అభేదం అన్నారు, అప్పుడు నేను ఊరుకున్నా.

కావలి హార్మోనియం: రలయోరభేదః అని పెద్దలన్నదే, నా సొంతం కాదు. ఆ పద్యంలో స్వర్ణాల చెరువు నీళ్ళల్లో రొట్టె అందుకునే చెయ్యి వణికే వర్ణన ఉంది, దాన్ని ఒక్కరూ పట్టించుకోలా, అందరూ ఆ "లొ" మీదే పడ్డారు.

సింగరాయకొండ శ్రోత: నేను పట్టించుకున్నా మాస్టారు, ఆ పాదం ఇప్పటికీ నోటికొచ్చు. ఆ రోజు చెరువులో ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వీసా రొట్టె అన్నీ చూశా, కొత్త వెర్షన్ రొట్టె ఉంటే మా తమ్ముడికి పట్టిచ్చేవాణ్ణి.

ఆత్మకూరు కుర్రోడు: నాదీ చూడండి. మొదటిసారి రాస్తున్నా.

కొత్త దొచ్చు నంచు కొంటిని సిస్టమ్ము
అప్పు తెచ్చి వడ్డి కట్టలేక
వేలు పదియు రెండు వెర్షను రాకుండ
ఏడు నైదు కూడ నిరువదయ్యె

ఇది నిజంగా జరిగిందే. పాత సిస్టమ్ కొత్త వెర్షన్‌కి ఆగదన్నారు, సెకండ్ హ్యాండ్‌లో 12 వేలకి కొన్నా, నూటికి మూడు రూపాయల వడ్డీ. 22 నెలలకి వడ్డీ 7,920 అయితే చిల్లర దేనికని మొత్తం 20 వేలు చేతిలో పెట్టొచ్చా.

ఒంగోలు బీట్స్: తమ్ముడూ, ఏడూ అయిదూ వేలల్లోకి తీసుకుపోవడం ఎవరికీ తట్టలేదు, అది నీ సొత్తు. రెండో పాదంలో "అ"కి "క" యతి చెల్లదు. "అప్పు తెచ్చి వడ్డి హద్దు మీరె" అను, అకార హకారాలకి యతి ఉంది, నీ బాధ కూడా ఇంకాస్త గట్టిగా వినపడుతుంది.

ఆత్మకూరు కుర్రోడు: హద్దు మీరె!! అన్నా, అదే నాక్కావాల్సిన మాట, మార్చేసుకున్నా.

కావలి హార్మోనియం: సరే, నా పూరణ. నలభై ఏళ్ళుగా పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తన్నా, నాకు ఏడూ అయిదూ అంటే గుర్తొచ్చేది ఒకటే.

తెలుపు నలుపు మెట్ల తీరది పండ్రెండు
పేరులోన నదియె పెట్టి రపుడు
పుట్టి యిరువ దేండ్లు పూర్తి యైనందుకే
ఏడు నైదు కూడ నిరువదయ్యె

ఒంగోలు బీట్స్: మాస్టారూ, దండం. తెల్లవి ఏడు, నల్లవి అయిదు, రోజూ వాటి మీదే వేళ్ళు పెట్టుకోనున్నా నాకు తట్టలా. ఎఫ్‌ఎల్ స్టూడియో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో మొదట బయటికొచ్చింది 1997 చివర్లో, ఇరవై ఏళ్ళ గుర్తుగానే 20 అని పెట్టారు, లెక్క కూడా సరిపోయింది. ఒక్కటే నా బాధ, మూడో పాదంలోనే "యిరువదేండ్లు" అని చెప్పేశారు, నాలుగో పాదానికి దాచాల్సిన మాట ముందే జారిపోయింది.

కావలి హార్మోనియం: ఆ మాట నిజం. రాసేటప్పుడే అనిపించింది, వేరే మాట దొరకలా.

సింగరాయకొండ శ్రోత: లాజిక్ అని ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉండాది, అది వాడేవాళ్ళ ఓపిక మీదా ఎవరన్నా రాయండబ్బా. 2013 జులైలో లాజిక్ ప్రో టెన్ వస్తే 11 రావడానికి 2024 మే దాకా పట్టింది, మా అక్క కొడుకు అయిదో తరగతిలో మొదలెట్టి ఇంజనీరింగ్‌కొచ్చేశాడు.

నెల్లూరు వీణ: కొత్తది వస్తే ఎగిరి గంతేసే ముందు ఒక మాట. మా పెంచలకోన నరసింహస్వామి పాటలు నాలుగు, నాదస్వరమంతా ఒక పాత 32 బిట్ ప్లగిన్‌లో (వాయిద్యం చప్పుడిచ్చే చిన్న ప్రోగ్రాం) పెట్టా. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వెర్షన్ ఎక్కించిన రోజు ప్రాజెక్టు తెరిస్తే నాదస్వరం ట్రాకులో నోట్లన్నీ వరసగా కనపడతన్నాయి, మీటరు మాత్రం కదలదు, చప్పుడు లేదు. కొత్తదాంట్లో 32 బిట్ తీసేశారంట. ఆ రాత్రి ఏడుపొచ్చింది. అప్పటినుంచి పాట అవ్వగానే ప్రతి ట్రాకునీ వేవ్ ఫైలుగా దించి పక్కన పెట్టుకుంటున్నా, అదుంటే ఏ వెర్షన్ వచ్చినా భయం లేదు. ఇదీ నా పూరణ:

పాత దానితోనె పాటలు కట్టితి
కొత్త దింక రాని కొఱత లేక
ఎదురుచూపులోన నెన్ని పూర్తయ్యెనో
ఏడు నైదు కూడ నిరువదయ్యె

పోయిన సంక్రాంతికి పన్నెండు పాటలు, ఇప్పుడు ఇరవై.

అడ్మిన్ (నెల్లూరు): "కూడ"ని కూడిక కాకుండా "సైతం" చేశారమ్మా! పన్నెండు కూడా ఇరవై అయ్యాయి! పాదం ఇచ్చినప్పుడు నాకే ఆ అర్థం తోచలేదు.

కావలి హార్మోనియం: అమ్మా, ఈ పద్యం చదివితే తిక్కనగారే గుర్తొచ్చారు. నన్నయగారు అరణ్యపర్వం నడుమలో ఆపితే, అది ఎవరో పూర్తి చేసిందాకా ఆగుదామని తిక్కనగారు కూచోలా, మన నెల్లూరులోనే విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు చెప్పేశారు. ఆ మిగిలిపోయింది 14వ శతాబ్దంలో ఎర్రనగారు పూరించారు.

ఒంగోలు బీట్స్: ఇందాకట్నించి మాస్టారి పద్యం మీద కుళ్ళుకుంటా ఉన్నా, ఇంకోటి రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. 12లో పాట మొత్తానికీ ఒకటే తాళం, నడుమలో మార్చేదానికి లేదు. 20లోనే పాటర్న్‌కో (పాటలో ఒక్కో ముక్కకి) టైమ్ సిగ్నేచర్, అంటే తాళం, పెట్టుకునే వీలొచ్చింది. మృదంగం ట్రాకు చేసేవాడికి తెలుస్తుంది ఆ సంతోషం.

మిశ్ర చాపు ఖండ మేళవించగ నొక్క
పాట లోన వీలు పడక వేచి
చూచుచుండ తుదకు శుభదినమున దీరె
ఏడు నైదు కూడ నిరువదయ్యె

కావలి హార్మోనియం: మిశ్రచాపు ఏడు, ఖండచాపు అయిదు, ఆ రెండూ ఒక పాటలో కూడడానికి ఇరవయ్యోది రావాల్సొచ్చింది. ఎదురుచూపూ ఉంది, ఎందుకు చూశాడో అదీ ఉంది. "చూ"కి "శు" యతి కూడా నిఖార్సుగా పడింది. అబ్బయ్యా, ఈ వారం నీదే. నా మెట్ల పద్యం రెండోది, ఒప్పుకుంటన్నా.

ఒంగోలు బీట్స్: మీ నోటి వెంట ఈ మాట కోసం కూడా చాన్నాళ్ళు చూశా మాస్టారు.

నెల్లూరు వీణ: తమ్ముడూ, నా ఇరవయ్యో పాట పల్లవి మిశ్రచాపే, చరణం ఖండానికి మార్చుదామని ఉంది. మృదంగం నువ్వు పెడతావా?

ఒంగోలు బీట్స్: అక్కా, రేపే పంపండి. వీణ ట్రాకు వేవ్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో, రివర్బ్ (ప్రతిధ్వని) తీసేసి. మాస్టారు హార్మోనియం శ్రుతి పెడితే ఇంకా బాగుంటుంది.

కావలి హార్మోనియం: శ్రుతి ఎంతో చెప్పండమ్మా, అయిదున్నరా, ఆరా?