అప్‌డేట్: నా ఫాంటసీ నవలలో ఆడవాళ్లకు పేర్లు దొరికాయి

పోయిన నెల నేను అడిగింది ఇదీ: రాస్తున్న ఫాంటసీ నవలలో రాణికి, అడవిని కాచే అమ్మాయికి, ఒక ముసలి మంత్రగత్తెకు ఎక్కడా వినని పేర్లు కావాలని. అప్పటికి నేను పెట్టిన అన్విక, హన్విక లాంటివన్నీ ఎల్‌కేజీ హాజరు పట్టీలా ఉన్నాయి.

పాత శాసనాలు చూడమన్నవారికి దండం. నాగార్జునకొండ ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాలు దాదాపు 1,700 ఏళ్ల నాటివి. వాటిలో ఆడవాళ్ల పేర్లు చూసి మతిపోయింది: చాంతిసిరి, బోధిసిరి, కొడబలిసిరి, అడవి చాటిసిరి! చాంతిసిరి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. అక్కడి మహాచైత్యానికి (పెద్ద బౌద్ధ స్తూపానికి) దానాలిచ్చిన మనిషి.

ఆ పేర్లు ఉన్నవి ఉన్నట్టు వాడలేదు. చివర ‘సిరి’ (మన ‘శ్రీ’యే) ఉంచి, ముందు తెలుగు మాట పెట్టా. రాణి వేకువసిరి అనుకుంటే, సబ్బు పేరులా ఉందని మా చెల్లి నవ్వింది. వేగుసిరి చేశా. వేగు అంటే తెల్లవారుజామే కాదు, గూఢచారి కూడా. మా రాణి గతం అదే, భలే కుదిరింది.

అడవి పిల్ల ఇప్పసిరి. ఇక్కడో చిక్కు: అందరికీ ‘సిరి’ తగిలిస్తే ఎవరు ఎవరో తెలియదు. అందుకే అది రాజవంశానికి మాత్రమే. అంటే ఇప్పసిరి ఎవరి కూతురో పేరే పట్టిచ్చేస్తుంది!

మంత్రగత్తెకు నల్లమలలో పుట్టే నది పేరే పెట్టేశా, గుండ్లకమ్మ. ఇప్పుడు మూడో అధ్యాయం మొత్తం తిరగరాయాలి, అదే టెన్షన్.