అమలాపురం–కాకినాడ బస్సులో రోజూ వాడుకోడానికి ఏ రకం హెడ్‌ఫోన్ కొనాలి?

లంకగాలి (ప్రశ్న)

ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా రోజూ కాకినాడ. పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో, ఏది ముందొస్తే అది. రానూపోనూ బస్సులోనే 3 గంటలు, వారానికి 6 రోజులు. పాటలు, క్లాసుల వీడియోలు, మధ్యమధ్య ఫోన్లు. బడ్జెట్ 4 వేలు. ఆండ్రాయిడ్ ఫోను, 3.5 జాక్ లేదు, టైప్-సి ఒక్కటే.

చెవిని కప్పేవి కొనాలా, చెవిలో పెట్టుకునేవా? ఈ డబ్బుల్లో ఏఎన్‌సీ (బయటి చప్పుడుని తగ్గించే ఏర్పాటు) నిజంగా పనిచేస్తుందా, పేరుకేనా? మన ఉక్కపోతకి ఏది నిలుస్తుంది? యానాంలో కొంటే చవగ్గా వస్తుందని కూడా విన్నాను, అదెంతవరకు నిజమండీ?

నిశ్శబ్దం_కావాలి

యానాం సంగతి ముందు తేల్చేద్దామండి. అక్కడ చవకయ్యేది పెట్రోలు. హెడ్‌ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, యానాంలోనూ అంతే, కాకినాడలోనూ అంతే.

ఏఎన్‌సీ చేసే పని ఒక్కటే. బయటి మైకు చప్పుడుని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకరు చెవిలోకి వదులుతుంది. ఇంజిన్ రొద, టైర్ల హోరు లాంటి ఆగకుండా సాగే మంద్ర శబ్దాన్ని బాగా కోసేస్తుంది. సుమారు 1000 హెర్ట్జ్ దాటాక మాత్రం దాని వల్ల పెద్ద ఫలితం ఉండదు. కండక్టరు కేక, హారను, వెనక సీట్లో కబుర్లు తగ్గాలంటే రబ్బరు టిప్పు చెవిలో బిగుతుగా పట్టాల్సిందే. ఏఎన్‌సీ బడ్స్‌లో టిప్పు వదులుగా ఉంటే ఆ మంద్ర శబ్దం కూడా పక్కనుంచి దూరిపోతుంది, పెట్టిన డబ్బంతా దండగ.

డబ్బా మీద 45 డీబీ, 50 డీబీ (డెసిబెల్స్) అని వేసే అంకె ఏదో ఒక్క పౌనఃపున్యం దగ్గర దొరికిన గరిష్ఠం. అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు. ఇంకోటి, ఈఎన్‌సీ అని రాసి ఉంటే అది మీ చెవుల కోసం కాదు. మీరు మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకి బస్సు చప్పుడు తక్కువ వెళ్లడానికి. ఒక్క అక్షరం తేడాతో చాలామంది మోసపోయేది ఇక్కడే.

మీ విషయంలో అసలు చిక్కు కిటికీ. అద్దం తీసి ఉన్నప్పుడు ఎదురుగాలి నేరుగా బయటి మైకు రంధ్రాన్ని కొడుతుంది. ఏఎన్‌సీ దాన్నీ చప్పుడే అనుకుని దానికో ఎదురు తరంగం తయారు చేస్తుంది, చెవిలో గరగర మొదలవుతుంది. ఎదుర్లంక వంతెన మీద గోదావరి గాలికి మరీను. యాప్‌లో గాలి మోడ్ ఉంటే వేయండి, లేకపోతే వంతెన దాటేవరకు ఏఎన్‌సీ ఆపేయండి. నడవా వైపు కూర్చుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. రోజూ ఏసీ బస్సు ఎక్కేవాళ్లకయితే కళ్లు మూసుకుని ఏఎన్‌సీ కొనుక్కోమంటాను. మీకు మాత్రం ముందు టిప్పు, తరవాతే ఏఎన్‌సీ.

టిప్పు సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. ఎడమ చెవిని కుడి చేత్తో వెనక్కీ పైకీ లాగి పట్టుకుని, బడ్‌ని పెట్టి కాస్త తిప్పండి. పాట ఆపి నోరు మూసుకుని "మ్మ్" అనండి. మీ గొంతు కుండలో మాట్లాడినట్టు మోగితే బిగుతు కుదిరింది. మోగకపోతే, పాటలో బాస్ పల్చగా ఉంటే, ఒక సైజు పెద్దది వేయండి. రెండు చెవులకీ ఒకే సైజు ఉండాలని రూలేం లేదు.

టంకం

ఏది నిలుస్తుంది అన్నదానికి నేను చెప్తాను, ఎందుకంటే ఎక్కడ పాడవుతుందో చూస్తే ఏది కొనాలో తెలిసిపోతుంది.

చెవిని కప్పేవాటిలో ముందు పోయేది ప్యాడ్లు. తోలులా కనిపించేది పీయూ (పాలీయురేతేన్ అనే ప్లాస్టిక్) పూత. తేమకీ చెమటకీ రసాయనికంగానే విడిపోతుంది, నల్లటి పొట్టు రాలి మెడకి అంటుకుంటుంది. వాడకుండా బీరువాలో పెట్టినా మన తేమకి రాలుతుంది. గుడ్డ ప్యాడ్లు వేరేగా దొరుకుతాయి, కానీ కొలత సరిపోవాలి, పైగా బిగుతు తగ్గి బాస్ కొంత పోతుంది. వైశాఖంలో పల్లెవెలుగులో ఆ రెండు డిప్పలు చెవుల మీద మూడు గంటలు ఎవరు మోస్తారండీ? చెవి మీద ఆనేవి తేలిక. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520 బరువు 147 గ్రాములే, 50 గంటలు వస్తుంది. అయితే దానికి ఏఎన్‌సీ లేదు, వైరు జాకూ లేదు. చెవిని మూయవు కాబట్టి బస్సు రొద మీద సౌండు పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది.

వైర్లేని బడ్స్‌లో ముందు పోయేది బ్యాటరీ కాదు, చార్జింగు చుక్కలు, అంటే కేసు నుంచి బడ్‌కి కరెంటు అందే లోహపు చుక్కలు. చెమటతో ఉన్న బడ్‌ని అలాగే కేసులో పెట్టి మూత వేస్తే ఉప్పునీరు, లోహం, కరెంటు మూడూ ఒక్కచోట కలుస్తాయి. చుక్కల మీద పచ్చగా చిలుము పడుతుంది. "ఒక బడ్ చార్జ్ కావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. దూదిపుల్లకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి బడ్ చుక్కలూ కేసులోని పిన్నులూ తుడవండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. పిన్ను గుంటలో ఇరుక్కుపోయి ఉంటే పుల్లతో మెల్లిగా నొక్కి వదలండి, పైకి లేస్తుంది.

ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలకి తట్టుకుంటుంది అని. ఆ పరీక్ష మంచినీళ్లతో చేస్తారు, చెమటతో కాదు. ఎక్స్ అంటే దుమ్ముకి పరీక్షించలేదని అర్థం. కేసుకి ఆ రేటింగు వర్తిస్తుందని అనుకోకండి, చాలావాటికి బడ్స్ వరకే.

సౌండు ఒకవైపు తగ్గితే స్పీకరు పోయిందనుకుని పడేయకండి. టిప్పు తీసి లోపలి జాలీ చూడండి, గుబిలి అడ్డుపడి ఉంటుంది. జాలీని కిందికి వంచి పట్టుకుని పొడి బ్రష్‌తో రాయండి. పైకి పెట్టి రాస్తే చెత్త లోపలికే పోతుంది. సూదితో పొడవద్దు.

నా ఓటు వైరు ఇయర్‌ఫోన్‌కి, తీగ ఊడదీసుకోగలిగేదానికి. మూన్‌డ్రాప్ చూ 2 లాంటివి 0.78 మి.మీ. రెండు పిన్నుల తీగతో వస్తాయి. తీగ పోతే తీగే మారుస్తాం, చెవి భాగం అలాగే ఉంటుంది. మైకున్న తీగే అడిగి తీసుకోండి, ఫోన్లు మాట్లాడాలి కదా. మీకు జాక్ లేదు కాబట్టి టైప్-సి డాంగిల్ (టైప్-సిలో పెడితే 3.5 జాక్ ఇచ్చే చిన్న తీగముక్క) కావాలి, లోపల డాక్ చిప్ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే కొనండి. చిప్ లేని చవక డాంగిళ్లు కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి, మిగతావాటిలో మూగవే.

వైరుదాంట్లో పాటలో గొంతు మాయమై సంగీతం మాత్రం దూరంగా వినిపిస్తే గ్రౌండ్ తీగ తెగిందని, లేదా జాక్ పూర్తిగా దిగలేదని. తెగేది ఎక్కువగా ప్లగ్ మెడ దగ్గరే. ఎల్ ఆకారం ప్లగ్ అయితే జేబులో అంత వంగదు. మళ్లీ అతికించేటప్పుడు ఆ సన్న తీగల మీద లక్క పూత ఉంటుంది, అది కాలేదాకా వేడి ఐరన్‌తో టంకం పట్టించాలి, లేకపోతే అతుక్కున్నట్టే ఉండి కరెంటు పోదు.

రేవుపడవ

టంకం గారి మాట కాదనను గానీ, సాయంత్రం కాకినాడ కాంప్లెక్స్‌లో జనంతో తోసుకుని ఎక్కేటప్పుడు ఆ వైరు ఎవరి సంచికో తగులుకుంటుంది. డాంగిల్ ఫోన్‌లోంచి ఊడదు, టైప్-సి సాకెట్టే వదులవుతుంది. అది ఫోను రిపేరు, ఇయర్‌ఫోన్ రిపేరు కాదు.

వైర్లేని బడ్ ఒకటి జారి బస్సు కాళ్ల మధ్య పడితే ఇక అంతే సంగతులు. అందుకే నెక్‌బ్యాండ్, అంటే మెడ మీద వేసుకునే పట్టీకి రెండు బడ్స్ తీగతో అతికి ఉండేది. బడ్‌లో ఉండే బ్యాటరీ 40, 50 ఎంఏహెచ్ మాత్రమే, నెక్‌బ్యాండ్‌లో అంతకి రెండు మూడింతలు పడుతుంది. కేసు లేదు, చిలుము పట్టే చుక్కలూ లేవు. మైకు గడ్డానికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఫోన్ మాటలు బడ్స్ కంటే నయం. దాని బలహీనత చార్జింగు రంధ్రం మీదుండే రబ్బరు మూత. అది వదులైతే మెడ చెమట నేరుగా లోపలికే. ఇంటికి రాగానే తుడిచి, అరగంట ఫ్యాను కింద ఆరాక చార్జింగు పెట్టాలి.

చెరువుగట్టు

ఎవరూ సౌండు ఎంత పెట్టాలో చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ వ్యవధి సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. లంకగాలి గారికి బస్సులోనే 18 గంటలు, అంటే 83 దగ్గరే కోటా దాదాపు అయిపోయింది. బస్సు రొదని మించి వినాలని పెంచితే 86 దాటడం ఎంతసేపు? బిగుతు టిప్పు విలువ అక్కడ తెలుస్తుంది, రొద తగ్గితే సౌండు పెంచక్కర్లేదు. రొయ్యల చెరువు మీద ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) పక్కన ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్లకీ ఇదే లెక్క. అక్కడ ఏరియేటర్ ఆగిపోయినా వినపడదు, అది చెవి కంటే పెద్ద నష్టం.

ఫోమ్ టిప్పులు సిలికాన్ కంటే ఎక్కువ ఆపుతాయి. నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి 30 సెకన్లు వేలితో ఆపాలి, ఉబ్బి పడుతుంది. కాకపోతే చెమట పీల్చుకుంటాయి, తొందరగా అరిగిపోతాయి. ఆల్కహాల్ తగలనివ్వకండి.

లంకగాలి

అందరికీ ధన్యవాదాలండి. రేవుపడవ గారూ, నెక్‌బ్యాండ్ వైపే మొగ్గుతున్నాను. ఒకటే అనుమానం. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి కలిపి ఆన్‌లైన్ క్లాసులో చేరితే సౌండు ఉన్నట్టుండి పాత రేడియోలా అయిపోతుందని విన్నాను. అది నెక్‌బ్యాండ్ లోపమా?

నిశ్శబ్దం_కావాలి

కాదండి, మామూలు బ్లూటూత్ పద్ధతే అంత. మైకు తెరుచుకోగానే పాటల మార్గం వదిలి ఫోన్ మాటల మార్గంలోకి మారుతుంది. అది మోనో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం), శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 8 లేదా 16 కిలోహెర్ట్జ్. క్లాసు సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ మైకునీ, స్పీకరుగా నెక్‌బ్యాండ్‌నీ ఎంచుకోండి, సౌండు మామూలైపోతుంది.

ఎల్‌డ్యాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) ఉన్నది కొంటే బస్టాండు రద్దీలో 990 కేబీపీఎస్ వేగం మీద పాట తెగుతూ ఉంటుంది. ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో 660కో 330కో దించండి. బస్సులో ఆ తేడా మీకు వినపడదు.

టంకం

సరే, నెక్‌బ్యాండే కానివ్వండి. డబ్బా విప్పిన రోజే, వాపసు గడువు ఉండగానే, మూడు చూడండి. మోనో పాట పెట్టి గొంతు నడిమధ్యలో వస్తోందా, ఒక పక్కకి లాగుతోందా. సౌండు అతి తక్కువలో పెట్టి బుస్సుమంటోందా. ఫోన్ ప్యాంటు జేబులో వేసుకుని, నెక్‌బ్యాండ్ సర్క్యూట్ ఉన్నవైపు కాకుండా అవతలి జేబులో, వీధి చివరిదాకా నడిస్తే తెగుతోందా. మన ఒంట్లో ఉండేది చాలావరకు నీరే, బ్లూటూత్ తరంగాన్ని అది పీల్చేస్తుంది. అక్కడ తెగితే బస్సులోనూ తెగుతుంది, తిప్పి పంపేయండి.