ట్రిప్సిన్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) లేకుండానే కాలు-3 (Calu-3) కణాల్లో ఫ్లూ ఎలా పెరిగింది?

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు నాది. 2009 హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్‌తో ఎండీసీకే (కుక్క కిడ్నీ) కణాల్లో ప్లాక్‌లు (వైరస్ కణాలను చంపిన చోట పడే ఖాళీ మచ్చలు) లెక్కపెడుతున్నాను. మొన్న ఒక ప్లేటులో ట్రిప్సిన్ వేయడం మర్చిపోయాను (గైడ్‌కి ఇంకా చెప్పలేదు). మూడు రోజులైనా ఒక్క ప్లాక్ లేదు, కణాల పొర చెక్కుచెదరలేదు. అదే వైరస్ కాలు-3 ఊపిరితిత్తుల కణాల్లో మాత్రం ట్రిప్సిన్ లేకుండానే బాగా పెరిగింది! వైరస్ పట్టుకునే సియాలిక్ ఆమ్లం (ఒక చక్కెర) రెండు రకాల కణాల మీదా ఉంటుంది కాబట్టి అతుక్కోవడంలో తేడా కాదనుకుంటా. వైరస్ కణంలోకి దూరాలంటే దాని మీది హీమాగ్లుటినిన్ ప్రోటీన్‌ని ఏదో ఒకటి కోయాలి; ట్రిప్సిన్ చేసేది అదే. ఆ పనే చేసే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఎంజైమ్ కాలు-3 పైపొరలో ఉండటమే కారణమా? దాన్ని ఆపే మందు కామోస్టాట్ వేద్దామంటే అది మిగతా సెరీన్ ప్రోటియేజ్‌లనూ (అదే రకం కోసే ఎంజైమ్‌లనూ) ఆపేస్తుంది. ఎస్ఐఆర్ఎన్ఏతో (ఎంచుకున్న జన్యువును అణిచే చిన్న ఆర్ఎన్ఏ ముక్క) టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 జన్యువు ఒక్కదాన్నే అణిచి చూసినవాళ్లు ఉన్నారా? కాలు-3లోకి ఆ ఆర్ఎన్ఏని ఎక్కించడం నాకు చుక్కలు చూపిస్తోంది. ఎక్కించడానికి మీకు ఏ రియేజెంట్ (రసాయనం) పనిచేసింది?