లీడ్, ఫాలో: ‘నాయకుడు, అనుచరుడు’ కాకుండా మంచి తెలుగు మాట ఉందా?

జంటగా చేసే నాట్యాల్లో లీడ్, ఫాలో అనే పాత్రలకు తెలుగులో ఏమనాలని నిన్న ఒకరు అడిగారు. ‘నాయకుడు, అనుచరుడు’ అని జవాబు వచ్చింది. నాకు అస్సలు నచ్చలేదండీ. అర్జెంటీనా టాంగో నేర్చుకుంటున్నాను. ఆ మాటల్లో ఉన్న పొరపాటే నా నాట్యంలోనూ ఉండేది.

టాంగోలో ‘మోలినేతె’ అనే అడుగుల వరస ఒకటుంది. స్పానిష్‌లో చిన్న గాలిమర అని అర్థం. ఒకరు మధ్యలో ఇరుసులా ఉంటే రెండోవారు ముందడుగు, పక్కడుగు, వెనకడుగు, మళ్లీ పక్కడుగు వేస్తూ చుట్టూ తిరుగుతారు. ఇరుసు నేను. వెనకడుగు దగ్గర ప్రతిసారీ వలయం చెదిరేది. నాతో ఆడే ఆమె ఆలస్యం చేస్తోందనుకుని చేత్తో నెట్టేవాణ్ణి. దాంతో ఆమెకు కాలి మీద బరువు నిలిచేది కాదు. నడిపించడమే నా పని అనుకున్నాను మరి!

టీచర్ నా చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. నా జోడీ తన అరచేతులు నా ఛాతీకి ఆనించింది. ఛాతీ మాత్రమే తిప్పి, ఆమె అడుగు పడేదాకా ఆగాలి. అప్పుడు తెలిసింది ఆమె చేసే పని ఎంతో. ఛాతీ నా వైపే ఉంచి తుంటిని బాగా తిప్పితేనే వెనకడుగు వలయం మీద పడుతుంది. అది నేను చేసిపెట్టేది కాదు.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో లీడ్‌ను ‘మార్కా’ అంటారు. గుర్తు పెట్టడం అనే క్రియ నుంచి వచ్చిన మాట. నెట్టడం అందులో లేదు.

మన భజనల్లో ఒకరు పల్లవి అందిస్తారు, మిగతావాళ్లు అందుకుంటారు. అందుకోవాలంటే వినాలి, కానీ గొంతు ఎవరిది వారిదే. అందుకే ‘అందించేవారు, అందుకునేవారు’ అందాం. ‘వారు’ కాబట్టి ఆడా మగా తేడా రాదు. టాంగోలో ఎవరు ఏ పాత్రయినా చేయవచ్చు. ‘వంత’ కూడా ఆలోచించాను. బుర్రకథలో అది గౌరవమైన పాత్రే, కానీ మామూలు మాటల్లో ‘వంత పాడటం’ నిందగా మారిపోయింది.

*

అందించడం, అందుకోవడం బాగున్నాయండీ. మరి ఫిగర్‌కు, అంటే మోలినేతె లాంటి అడుగుల వరసకు? కోలాటంలో మేం ‘కోపు’ అంటాం. తాళ్లు జడలా అల్లే జడకోపు తెలుసు కదా.

*

కోపు! ఇన్నాళ్లూ తట్టలేదు, ధన్యవాదాలండీ. ఇక మోలినేతెను ‘గాలిమర కోపు’ అనే అంటాను.