ఎండాకాలంలో మెటల్ డిటెక్టర్‌తో బంగారం వేట: మన చెలకల్లో పనికొచ్చే సరదాయేనా?

పాలమూరు పాంథుడు:
మా మేనల్లుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే చాలు, కాల్గూర్లీ వైపు ఎడారి నేలల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని బంగారం వెతుకుతాడు. అక్కడ ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి పత్రం కొనుక్కుంటే మామూలు మనిషి కూడా ప్రభుత్వ భూముల్లో వెతుక్కోవచ్చు. రెండేళ్ల కిందట కందిగింజంత పలుకు దొరికింది. ఇప్పుడది వాళ్ల అమ్మ మెడలో ఉంది. ఈ మే నెలలో వనపర్తికి వస్తూ యంత్రాన్ని కూడా తెచ్చాడు. మా చెలకలో, పక్కనున్న వాగులో చూద్దామంటున్నాడు.

నా లెక్క ప్రకారం ఇదే అదను. చేలల్లో పైరు లేదు, గడ్డి మాడిపోయింది, వాగు అడుగు రాయి దాకా ఎండింది. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. ఉంటే గింటే ఆ రాతి పగుళ్లలోనే దిగి ఉంటుంది. ఇంట్లో మాత్రం రోళ్లు పగిలే ఎండలో ఇదేం పిచ్చి అంటున్నారు. మీరేమంటారు?

మజ్జిగ ముంత:
నేను మీ ఇంట్లోవాళ్ల పక్షం. నల్లగొండ దగ్గర ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు వింత కాదు. కూలి పనికి వెళ్లినవాళ్లు పది గంటలకల్లా చెట్టు కిందికి చేరతారు, ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. మీ పని అలాంటిది కాదు. చెవులకు హెడ్‌ఫోన్లు, చూపు నేల మీద, పక్కవాడు పిలిచినా వినబడదు. పైగా ‘ఆ గట్టు దాకా చూసి వెళదాం’ అనే ఆశ ఒకటి. వడదెబ్బకు ఇంతకన్నా అనువైన పని నాకు తోచడం లేదు.

మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంటికి తీసుకువెళ్లే దాకా ఆగవద్దు. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి విసరాలి, 108కి ఫోను చేయాలి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంకొక మాట: కాల్గూర్లీలో ఎండాకాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జనవరిలో అక్కడ వేటకు వెళతాడా అని మీ అల్లుడిని అడగండి.

పాలమూరు పాంథుడు:
అడిగాను. నవ్వాడు. చాలామంది వెళ్లరట. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే అక్కడ కాలమట. ఆగలేనివాళ్లు వేసవిలో నెత్తికి లైటు కట్టుకుని రాత్రిపూట వెతుకుతారట. అయితే మేమూ రాత్రే వెళతాం. ఎండ గొడవ తీరింది కదా.

చెలక గట్టు:
తీరలేదండీ, అసలు గొడవ అప్పుడే మొదలవుతుంది. నెత్తిన లైటు, చేతిలో పార, అర్ధరాత్రి చేను మధ్యలో ఇద్దరు మగవాళ్లు. మన పల్లెల్లో ఆ దృశ్యానికి ఒకటే పేరు: గుప్తనిధుల ముఠా. పాడుబడ్డ గుళ్లలో విగ్రహాల కింద తవ్విన ఉదంతాలు ఎన్ని విన్నాం? మీ సొంత పొలమే అని చెప్పుకునే లోపల ఊరంతా కర్రలతో వస్తుంది. నాలుగు వందల కిలోమీటర్లు మనిషి లేని ఎడారిలో చెల్లే ఉపాయం గడప గడపకూ కుక్క ఉన్న ఊళ్లో చెల్లదు. పైగా రాత్రిపూట రక్తపింజరులు తిరిగేది గట్ల మీదే.

గనిబాట:
అందరూ ఎండ గురించే మాట్లాడుతున్నారు, బంగారం గురించి ఎవరూ మాట్లాడరేం? నేను రాయచూరు వైపు గనుల్లో పనిచేసి వచ్చినవాడిని. అక్కడి హట్టి బంగారు గనిలో టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది కొన్ని గ్రాములు. అది కంటికి ఆనని నలుసు. డిటెక్టర్‌కు నలుసు వినబడదు, పలుకు కావాలి. గద్వాల పట్టీ (గద్వాల వైపు సాగే పాత రాళ్ల వరుస) రాళ్లలో బంగారం జాడలున్న మాట నిజమే, కానీ జాడ వేరు, పలుకు వేరు. కాల్గూర్లీ దగ్గర అది పైకి తేలి పలుకులుగా దొరుకుతుంది. 1893లో అక్కడ జనం ఎగబడింది నేల మీద కనబడ్డ బంగారాన్ని చూసే.

ఇక మన ఎర్రనేలలో ఇనుము ఎక్కువ. పాత కొలుముల చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన గడ్డలు) చాలా ఊళ్లలో ఉంది. అడుగుకొక కూత వినబడుతుంది. ఎండకు యంత్రంలోని తీగచుట్ట వేడెక్కితే యంత్రం దానంతటదే కూస్తుంది, నీడలోకి వెళితే మరోలా కూస్తుంది, మళ్లీ నేలకు సరిచేసుకోవాలి. ఇదంతా అయ్యాక తవ్వాలంటే మేలో చెలకలోకి పార దిగదు, గడ్డపార కావాలి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కూడా కాదు, ఎలుక కూడా ఉండదు.

కృష్ణాతీరం:
తవ్వకం ముందు చట్టం కూడా చూడండి. బంగారం కోసం అన్వేషణ అంటే 1957 గనుల చట్టం కింద అనుమతి కావాలి. పాతకాలపు సొత్తు ఏదైనా దొరికితే 1878 నిధుల చట్టం ఉంది: విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నవ్వు వచ్చే అంకె, కానీ చెప్పకపోతే జైలు. 2021లో పెంబర్తి దగ్గర భూమి చదును చేస్తుంటే బయటపడ్డ ఆభరణాలు అధికారుల చేతికే వెళ్లాయి.

నాకు బాధ కలిగించేది వేరే. ఫణిగిరిలో 2024లో మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. పురావస్తు శాఖవాళ్లు పొరపొరగా తవ్వారు కాబట్టి అవి ఇక్ష్వాకుల కాలానివని చెప్పగలిగారు. డిటెక్టర్ చెవికి సీసం, బంగారం ఇంచుమించు ఒకటే. ఆ కుండ మీలాంటి ఔత్సాహికుడికి దొరికి ఉంటే ‘అయ్యో, సీసమేనా’ అని పాత సామాను కొట్టుకు పోసేవాడు.

పాలమూరు పాంథుడు:
పోసేవాడిని కాను లెండి. అయినా ఒప్పుకుంటున్నాను, పలుకుల సంగతి నాకు తెలియదు. అయితే ఒకటి అడుగుతాను. ఎండాకాలం వద్దు, సరే. తొలకరి పడితే నేల మెత్తబడుతుంది కానీ మృగశిరకు విత్తనాలు వేస్తాం, అప్పుడు చేలో ఎవరినీ అడుగు పెట్టనివ్వం. పత్తి తీసే దాకా సందు లేదు. మరి ఎప్పుడు?

చెలక గట్టు:
శివరాత్రి ముందు. కంది కోసేశాక, పొద్దున్నే. అప్పటికి మీ అల్లుడికి సెలవు ఉండదు, అది మా తప్పు కాదు.

పాలమూరు పాంథుడు:
నిన్న తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి ఏడున్నరకు వచ్చేశాం. సర్పంచికి ముందే చెప్పాం, తవ్వకం జానెడు మించలేదు, వెంట రెండు సీసాల మజ్జిగ. దొరికినవి: ఎద్దుల నాడాలు నాలుగు, ట్రాక్టరు పిన్ను, సీసా మూతలు లెక్కలేనన్ని, తుప్పు పట్టిన నాగలి కర్రు ఒకటి. కర్రును మా నాన్న చేతిలో పెడితే చాలాసేపు తిప్పి చూశాడు. అల్లుడు యంత్రం పెట్టెలో సర్దేశాడు. వచ్చే వారం ప్రయాణం, అక్కడ ఇప్పుడు కాలం మొదలైందట.

గనిబాట:
ఆ కర్రు దొరికిన చోట తెల్లరాయి (బంగారానికి తోడుండే క్వార్ట్జ్) చార ఏమైనా కనబడిందా? ఊరికే అడుగుతున్నాను. వీలైతే ఫోటో పెట్టండి.