రక్తదాన శిబిరం పెడుతున్నాం, పేపర్లో రావాలంటే ఏం చేయాలి? (తిరుపతి)

బాలాజీ కాలనీ బ్యాచ్

అన్నలకూ అక్కలకూ నమస్తే. మేము తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాం, ముప్పై మందిమి ఒక బృందంగా ఉన్నాం. సంస్థగా రిజిస్ట్రేషన్ లేదు. వచ్చే నెల రెండో శనివారం కాలేజీ ఆవరణలో తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లల కోసం రక్తదాన శిబిరం పెడుతున్నాం. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకు వాళ్లు ఆరు మంచాలు, స్టాఫుతో వస్తామన్నారు. ప్రిన్సిపల్ గారి అనుమతి కాగితం చేతిలో ఉంది. ఆ పిల్లల మందుల ఖర్చుకు ఒక విరాళాల డబ్బా కూడా పెడదామని ఉంది.

పేపర్లలో, లోకల్ చానళ్లలో రావాలని కోరిక. ప్రెస్ మీట్ పెట్టాలా, ప్రెస్ నోట్ సరిపోతుందా? నోట్ ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి? ఎమ్మెల్యేనో పెద్ద అధికారినో పిలవకపోతే విలేకరులు రారని, యాడ్ ఇవ్వకపోతే వార్త వేయరని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? ఫ్లెక్సీ, కరపత్రాల ఖర్చు పోగా మా దగ్గర మిగిలేది రెండు వేలు.

జిల్లా పేజీ

తమ్ముడూ, మీకు కావాల్సింది రెండు వార్తలు. శిబిరానికి ముందు ఒకటి, అయ్యాక ఒకటి. ముందు వచ్చిన వార్త చూసి దాతలు వస్తారు. తర్వాత వచ్చేదానితో మీకు పేరొస్తుంది. అందరూ రెండోదాని కోసమే తిరుగుతారు, మొదటిది మరిచిపోతారు. మీ శ్రమలో ముప్పాతిక వంతు మొదటిదాని మీద పెట్టండి.

ప్రెస్ మీట్ వద్దు. విలేకరులు కూర్చుని ప్రశ్నలు అడిగేంత కొత్త సంగతో వివాదమో ఉంటేనే దానికి అర్థం. మీ దానికి కరపత్రం ఆవిష్కరణ చాలు. శిబిరం జరిగే వారంలోనే, మంగళవారమో బుధవారమో, ఉదయం పదకొండు ప్రాంతంలో ప్రిన్సిపల్ గారి చేతనో, ఒప్పుకుంటే రక్తం సంగతి తెలిసిన ప్రభుత్వ డాక్టరు చేతనో చేయించండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి. ఆరోజు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, విలేకరులు అటు వెళ్తారు. ఆవిష్కరణ ఫొటో, చిన్న నోట్ మధ్యాహ్నం మూడు లోపు చేరిపోవాలి. మళ్లీ శుక్రవారం మధ్యాహ్నం రెండే రెండు వాక్యాలు పంపండి: ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు. 'నగరంలో నేడు' లాంటి కాలమ్ ఉన్న పేపర్లకు అది పనికొస్తుంది. శిబిరం రోజు పొద్దున చదివి వచ్చేవాళ్లు ఆ రెండు లైన్లు చూసే వస్తారు.

ఎవరికివ్వాలంటే, ఒక వారం పాటు ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, ప్రజాశక్తి తిరుపతి పేజీలు ముందేసుకోండి. చాలా వార్తల మొదట్లో 'తిరుపతి (విద్య)', 'తిరుపతి (వైద్యం)' అని బ్రాకెట్లో కనిపిస్తుంది. అది ఆ వార్త ఏ బీటుదో, అంటే ఏ విభాగం చూసే విలేకరిదో చెబుతుంది. మీ శిబిరం ఈ రెండింటికీ చెందుతుంది. కాలేజీ కార్యక్రమం కదా అని విద్య బీటుకిస్తే వార్షికోత్సవాలు, ఫ్రెషర్స్ డేల మధ్య పడిపోతుంది. ముందు వార్త వైద్యం చూసే విలేకరికివ్వండి, తర్వాతది విద్య చూసేవారికి. నంబరు కోసం నేరుగా పేపరు ఆఫీసుకు వెళ్లి అడగండి, ఉదయం కాకుండా మధ్యాహ్నం తర్వాత వెళ్తే మనుషులు దొరుకుతారు. ఒకసారి మొహం చూపించి, పేరు చెప్పి వస్తే ఆ తర్వాత వాట్సాప్ చాలు.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. ఇక్కడి పేజీల్లో సగం తిరుమలదే. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలు, మే నెలలో గంగమ్మ జాతర... ఆ రోజుల్లో మీకు స్థలం దొరకదు, పంపే మనిషీ ఉండడు. తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం చూసుకోండి. ఇవేవీ లేకపోయినా ఢిల్లీ నుంచో విజయవాడ నుంచో ఒక పెద్దాయన దర్శనానికొస్తే విలేకరులంతా రేణిగుంట విమానాశ్రయానికో కొండపైకో వెళ్లిపోతారు. కాబట్టి ఒక్క విలేకరి కూడా రాడనుకునే సిద్ధపడండి. నోట్, ఫొటో, వీడియో మీవే ఉండాలి.

రెండో శనివారం మంచి ఎంపికే. ఆఫీసులకు సెలవు, అధికారుల సమీక్షలుండవు, ఆదివారం పేజీలో చోటు దొరుకుతుంది. కాకపోతే కాలేజీకీ సెలవైతే దాతలను పేరుపేరునా పిలిచి రప్పించుకోవాలి.

నాయకుల సంగతి. వస్తే విలేకరులొస్తారు, అబద్ధమేం కాదు. శీర్షిక మాత్రం ఆయన పేరు మీద ఉంటుంది, ఆయన అన్న రాజకీయ మాటే లోపలికెళ్తుంది. ఒక పార్టీ మనిషి వేదికెక్కితే ఇంకోవైపు మొగ్గే పేపర్లో మీ వార్త కుదించుకుపోవచ్చు. పిలిచినా సరే, ఆయన కోసం రక్తం తీయడం ఆపొద్దు. తొమ్మిదికి రమ్మన్న దాతను పదిన్నర దాకా కూర్చోబెడితే లేచి వెళ్లిపోతాడు.

యాడ్‌కూ వార్తకూ ముడిపెట్టుకోకండి. పేపర్లలో ప్రకటనలు చూసే విభాగం వేరు. ఎవరైనా అడిగితే "విద్యార్థులం సార్, బడ్జెట్ లేదు" అని మర్యాదగా చెప్పి ఆగిపోండి. ఎవరికీ కవర్లో డబ్బు పెట్టి ఇవ్వొద్దు. ఆ రెండు వేలతో కరపత్రాలు ఇంకొన్ని వేయించి, పేపర్ ఏజెంటుతో మాట్లాడి మీ చుట్టుపక్కల వీధుల్లో పేపర్లో పెట్టించండి. రూపాయికి రూపాయి పనిచేస్తుంది.

యూనిట్ లెక్క

పై అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. ముందు వచ్చే వార్తలో ఎవరు ఇవ్వొచ్చో లేకపోతే వచ్చినవాళ్లు వెనక్కి పోతారు, పోతూ నాలుగు మాటలంటారు. ఇవి తప్పకుండా రాయండి: వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు (డెసిలీటరుకు). మగవాళ్లయితే గతంలో ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటి ఉండాలి. టాటూ వేయించుకుని ఏడాది కాకపోతే తీసుకోరు. మీ వయసు వాళ్లు కొందరు ఇక్కడ కూడా ఆగిపోతారు. పరగడుపున రావొద్దని కూడా రాయండి, ఉపవాసంతో వచ్చి కళ్లు తిరిగి పడిపోయే పిల్లలుంటారు.

'వెయ్యి మందితో మెగా శిబిరం' అని రాయకండి. ఒక్కో దాతకు మంచం మీద పావుగంట వేసుకోండి. ఆరు మంచాలంటే గంటకు 24 మంది. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120. అంతకు మించి పిలిస్తే క్యూలో విసిగిపోతారు. పైగా ఎర్రకణాలు మామూలు సంచిలో 35 రోజులు, అదనపు ద్రావణం కలిపితే 42 రోజులే నిల్వ ఉంటాయి. బ్లడ్ బ్యాంకు ఎన్ని యూనిట్లు వాడుకోగలదో ముందే అడిగి ఆ అంకెకు కట్టుబడండి. విలేకరికి నిజంగా పనికొచ్చే సంగతి కూడా ఇందులోనే ఉంది: తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, రక్తమేమో ఆ 42 రోజులకు మించి ఆగదు. అందుకే వేసవి సెలవుల్లో కాలేజీలు మూసేస్తే కొరత మొదలవుతుంది.

బాలాజీ కాలనీ బ్యాచ్

థాంక్స్ అన్నా. బీటు సంగతి మాకు అస్సలు తెలియదు. శిబిరం అయ్యాక ఇచ్చే నోట్ నమూనా రాశాం, చూడండి:

"తిరుపతి నగరంలో మా బృందం ఆధ్వర్యంలో తలసీమియా చిన్నారుల సహాయార్థం నిర్వహించిన మెగా రక్తదాన శిబిరం ఘనంగా జరిగింది. ఈ కార్యక్రమానికి ముఖ్య అతిథిగా విచ్చేసిన ప్రిన్సిపల్ గారు జ్యోతి ప్రజ్వలన గావించి శిబిరాన్ని ప్రారంభించారు. ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ రక్తదానం ప్రాణదానంతో సమానమని అన్నారు..."

కింద ఇంకో పదకొండు మంది పేర్లున్నాయి.

రాత్రి డెస్క్

ఈ నోట్ పేపర్లో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ టేబుల్ మీదికొస్తే ఏమవుతుందో చెబుతా. 'ఘనంగా', 'మెగా', 'విచ్చేసిన', 'గావించి' పోతాయి. ప్రాణదానం వాక్యం పోతుంది, ఎందుకంటే ప్రతి రక్తదాన వార్తలో అదే ఉంటుంది. పదకొండు పేర్లు పోతాయి. మిగిలేది శిబిరం జరిగిందన్న ఒక్క ముక్క. అది ఫొటో కింద రెండు లైన్లవుతుంది, లేదా ఆ రాత్రి చోటు లేక ఆగిపోతుంది. తప్పు డెస్కుది కాదు, నోట్‌లో ఒక్క అంకె లేదు.

ఇలా రాయండి (అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి):

"తలసీమియా పిల్లల కోసం తిరుపతి బాలాజీ కాలనీలోని (కాలేజీ పేరు) విద్యార్థులు శనివారం ఏర్పాటు చేసిన శిబిరంలో 97 యూనిట్ల రక్తం సేకరించారు. మొత్తం 121 మంది ముందుకు రాగా, హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటం తదితర కారణాలతో 24 మందిని వైద్యులు వెనక్కి పంపారు. రక్తం ఇచ్చినవారిలో 60 మందికి ఇదే తొలిసారి. ఈ రక్తాన్ని (బ్లడ్ బ్యాంకు పేరు)కు అప్పగించినట్లు ప్రిన్సిపల్ (పేరు) తెలిపారు."

నాలుగు వాక్యాలు. కింది నుంచి ఎన్ని లైన్లు కోసినా వార్త నిలుస్తుంది. పేర్లు నాలుగు మించొద్దు, ఇంటిపేరు అక్షరం, హోదా సరిచూసి తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో పంపితే 'రమ'నో 'రామా'నో డెస్కు ఊహించాలి, తప్పుపడితే మర్నాడు మీ మీదే కోపం. యూనిట్ల అంకె బ్లడ్ బ్యాంకు రిజిస్టరులో ఉన్నదే ఇవ్వండి. రెండు పేపర్లలో రెండు అంకెలొస్తే తర్వాతిసారి మీ నోట్ ఎవరూ నమ్మరు.

టైపు చేసేది ఫోన్లో మామూలుగా వచ్చే యూనికోడ్‌లో. డీటీపీ సెంటరులో అను ఫాంట్‌తో కొట్టించి పీడీఎఫ్ పంపితే కాపీ చేసినప్పుడు పిచ్చి గీతలొస్తాయి, మళ్లీ టైపు చేసే తీరిక రాత్రి తొమ్మిదికి ఎవరికీ ఉండదు. లెటర్‌హెడ్ ఫొటో తీసి పంపడమూ అంతే. వాట్సాప్ మెసేజ్‌గా పేస్ట్ చేయండి. కిందనే ఒకరి పేరు, ఫోన్ నంబరు. ఆ ఫోన్ రాత్రి పది దాకా ఎత్తాలి. మధ్యాహ్నం 2కి శిబిరం ముగిస్తే 3.30కల్లా నోట్ వెళ్లాలి. 'సార్, చూశారా' అని ఒకసారి అడగండి, మళ్లీ మళ్లీ వద్దు.

ఇంకో మాట. వెనక్కి పంపినవాళ్లలో అమ్మాయిలే ఎక్కువగా ఉండి, కారణం రక్తహీనతే అయితే అది శిబిరం కన్నా పెద్ద వార్త. పేర్లు లేకుండా ఎంతమందిని, ఎన్ని గ్రాముల దగ్గర ఆపారో బ్లడ్ బ్యాంకు డాక్టరును అడిగి, రెండు రోజులాగి వైద్యం విలేకరికి విడిగా చెప్పండి. ఇంగ్లిష్ పేపర్ల వాళ్లకు కూడా ఆసక్తి కలిగించేది అదే.

ఫ్రేమ్

ఫొటో గురించి. ఫ్లెక్సీ ముందు పదిహేను మంది నిలబడిన ఫొటో పేపర్లో రెండు కాలమ్‌ల వెడల్పులో పడితే మొహాలు ఆవగింజలంత వస్తాయి. మంచం మీద దాత, చేతిలో నొక్కుతున్న మెత్తటి బంతి, పక్కన నర్సు, ఇంతే. ముగ్గురు మించి ఉండొద్దు. దాతను అడిగి తీయండి, సూది దిగిన చోటు దగ్గరగా చూపించొద్దు. ఫ్లాష్ వేస్తే ఫ్లెక్సీ మెరిసి అక్షరాలు పోతాయి, మంచాన్ని కిటికీ వెలుగుకు తిప్పుకోండి.

పేపర్లో 15 సెంటీమీటర్ల వెడల్పు ఫొటోకు సుమారు 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మూడు ఫొటోలు చాలు, నలభై పంపితే ఎవరూ తెరవరు. ప్రతిదానికీ ఎడమ నుంచి కుడికి ఎవరో క్యాప్షన్ రాయండి.

చానళ్లకు విజువల్స్ అడ్డంగా తీయాలి. పాట, లోగో, టైటిల్ కలపొద్దు. ఒక్కోటి పది సెకన్లు కదలకుండా నాలుగైదు షాట్లు, ఒక డాక్టరు బైట్ (కెమెరా ముందు చెప్పే మాట), ఒక విద్యార్థి బైట్, తలా ఇరవై సెకన్లు. బైట్ తీసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాట సగం దానికిందే పోతుంది.

గాంధీ రోడ్డు

మీ దాతల్లో శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట, పలమనేరు పిల్లలుంటే ఊరివారీగా పేర్లు రాసుకోండి. పలమనేరు ఇప్పుడు వేరే జిల్లా, తిరుపతి పేజీ వార్త అక్కడ కనిపించదు. 'తిరుపతిలో చదువుతున్న పలమనేరు విద్యార్థులు ఆరుగురు రక్తమిచ్చారు' అని అక్కడి మండల విలేకరి అయిన కంట్రిబ్యూటర్‌కు రెండు వాక్యాలు, ఒక ఫొటో పంపితే ఆ మండలం వార్తల్లో పడే అవకాశం ఎక్కువ.

వార్డు అక్క

తలసీమియా పిల్లలను వేదిక మీదికి తెచ్చి పూలగుత్తులిప్పించి ఫొటోలు తీయించకండి. రేపు బడిలో ఆ బిడ్డను జబ్బు పేరుతో పిలుస్తారు. మాట్లాడేది అమ్మో నాన్నో ఉండనివ్వండి, అదీ వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటేనే. ఇంకోసారి అనాథాశ్రమంలో ఏదైనా చేస్తే ఇంకా జాగ్రత్త. సంరక్షణ గృహాల్లోని పిల్లల పేరు, ఫొటో, బడి, గుర్తు పట్టే ఏ వివరం బయటపెట్టినా 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. మీ ఇన్‌స్టా పేజీకీ అది వర్తిస్తుంది.

విరాళాల డబ్బా మాట ప్రెస్ నోట్‌లో పెట్టొద్దు. మీకు రిజిస్ట్రేషన్ లేదు, ఎవరో ఒకరి సొంత ఖాతా క్యూఆర్ కోడ్ పేపర్లో పడితే మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది. డబ్బాకు తాళం వేసి తాళంచెవి ప్రిన్సిపల్ గారికివ్వండి. సాయంత్రం ఇద్దరు లెక్చరర్ల ముందు లెక్కపెట్టి, సంతకాలు తీసుకుని, నగదుగా కాకుండా మందులే కొని బిల్లుతో సహా అప్పగించండి. ఆ బిల్లు నకలు నోటీసు బోర్డులో పెట్టండి.