ఉప్పల్‌లో సాయంత్రం బడి: సొసైటీగా రిజిస్టర్ చేయించాలా, సెక్షన్ 8 కంపెనీగానా?

బస్తీ_బడి:
సర్కారు బడి పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్తున్నాం, ఐదుగురం. విరాళాలు తీసుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. సొసైటీ అయితే చవక అని కొందరంటున్నారు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు రావాలంటే సెక్షన్ 8, అంటే లాభాలు పంచుకోని సేవా కంపెనీ, తప్పదని ఇంకొందరు. ఏది నయం?

లెక్కల_పుస్తకం:
సీఎస్ఆర్ కోసమే అయితే సెక్షన్ 8 జోలికి వెళ్లకండి. ఆ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు సొసైటీకీ, ట్రస్టుకీ కూడా ఇస్తారు. పైగా కంపెనీ తాను పెట్టని బయటి సంస్థకు ఆ తరహా పనిలో కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలని నిబంధన. అంటే ఏ రూపంలో మొదలుపెట్టినా ఆగాల్సిందే. ఆ మూడేళ్లూ కంపెనీని పోషించేది ఎవరు? రూపాయి రాకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక వివరాలు) ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. రెండూ 6 నెలలు మరిచిపోతే 36,000. పిల్లల నోటుబుక్కుల డబ్బు అటు పోతుంది.

మూసీ_గట్టు:
సొసైటీ చవకే, కాదంటలేను. కానీ 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు ఉండాలె, మీరు ఐదుగురే. మిగతా ఇద్దరిని మొహమాటానికి ఎక్కిస్తరు. వాళ్లు మీటింగుకు రారు, సంతకాల కోసం వాళ్ల ఎనుక తిరుగుడే పనైతది. సర్వసభ్య సమావేశం అయినంక 15 రోజులల్ల కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇయ్యాలె. చానా సొసైటీలు ఇక్కడే చెడిపోతయి. నాలుగేండ్లు జాబితా ఇయ్యరు, గొడవైన నాడు అసలు కార్యవర్గం ఏదో కాయితం మీద తేలదు. బ్యాంకోళ్లు ఖాతా ఆపుతరు, కేసు జిల్లా కోర్టుకు పోతది. సెక్షన్ 8కైతే ఇద్దరు డైరెక్టర్లు చాలు. ఎవరు డైరెక్టరో ఆన్‌లైన్‌ల అందరికీ కనవడ్తది.

లెక్కల_పుస్తకం:
జాబితా సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆ ఇద్దరినీ పిల్లల తల్లిదండ్రుల్లోంచి తీసుకోవచ్చు కదా? పనితో సంబంధం ఉన్నవాళ్లు సమావేశానికి వస్తారు. ఇంట్లోవాళ్లతో ఏడుగురిని నింపడం మాత్రం వద్దు. దాతలు కార్యవర్గం పేర్లు చూస్తారు. ఇంకొకటి, ఉప్పల్ చిరునామా ఇస్తే అది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, హైదరాబాద్ కాదు. గది అద్దెదైతే యజమాని నిరభ్యంతర పత్రం, కరెంటు బిల్లు ముందే తెచ్చుకోండి.

దస్తావేజు:
ట్రస్టును ఇద్దరూ వదిలేశారు. ఇద్దరు ట్రస్టీలతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పని అయిపోతుంది. కానీ మార్పులు చేసే అధికారం డీడ్‌లో రాసుకోకపోతే తర్వాత కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. పగ్గాలన్నీ ట్రస్టీల చేతిలోనే ఉంటాయి కాబట్టి, బస్తీ మాట చెల్లాల్సిన ఇలాంటి బడికి నేనైతే ట్రస్టు చెప్పను.

ఏది ఎంచుకున్నా 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదుల దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. సంస్థను మూసేస్తే మిగిలిన ఆస్తి అలాంటి మరో సంస్థకే చెందాలన్న నిబంధన పత్రంలో లేకపోతే దరఖాస్తు తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. ఆశయాల్లో చదువు, వైద్యం, గోసేవ అన్నీ కలిపి రాస్తే, చేస్తున్న పనికి ఆధారాలు అడిగినప్పుడు చూపలేరు. చదువు ఒక్కటే రాయండి. రిజిస్ట్రేషన్ పత్రంలోనూ పాన్‌లోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. సంస్థ ఖాతా తెరిచే దాకా విరాళాలు ఆపండి. ఒకరి సొంత ఫోన్‌పేలో పడితే అది ఆ మనిషి ఆదాయం కాదని తర్వాత నిరూపించుకోవాలి.

బస్తీ_బడి:
80జీ ఉంటే దాతలు ఎక్కువగా ఇస్తారా?

దస్తావేజు:
పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే మినహాయింపు. కొత్త విధానం ఎంచుకున్న ఉద్యోగికి మీ 80జీ రసీదు పన్నులో ఏమీ తగ్గించదు. నగదు 2,000 దాటితే ఎవరికీ మినహాయింపు రాదు. మీరేమో ఏటా మే 31లోపు దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి, ఆలస్యమైతే రోజుకు 200.

మూసీ_గట్టు:
గందుకే అంటున్న, కాయితాలు చూసే మనిషి ఒకరు ఎట్లైనా కావాలె. ఆ మనిషి దొరికితే సెక్షన్ 8 మీద భయపడే పనిలేదు.

లెక్కల_పుస్తకం:
దొరకకపోతే?